ఆకు లేని జిల్లేడు

ఫిబ్రవరి 2

కూతురు డైరీ కొనిచ్చింది. "ఏదో ఒకటి రాస్తూ ఉండమ్మా, మనసు తేలికపడుతుంది" అంది, నా మనసు తూకం వేసి చూసినట్టు. దానికి కావలసింది నేను రాయడం కాదు, నోరు మూసుకోవడం. నేరుగా అనలేక చేతిలో పెన్ను పెట్టింది. తెలివైన పిల్ల. నా పోలికే.

సరే. ఆయనకు ఇవాళ జ్వరం లేదు. జావ తాగారు. అల్లుడు ఆఫీసు నుంచి వస్తూ చెప్పులతో హాలంతా ఇసుక చల్లాడు. మనసు తేలికపడలేదు.

ఫిబ్రవరి 5

కుడి చెయ్యి, కుడి కాలు, నాలుక. ఆయనవి మూడూ ఒకే పూట పోయాయి. ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరొకాయన బొమ్మల అట్ట ఇచ్చాడు. గ్లాసు, మంచం, నవ్వే మొహం, ఏడ్చే మొహం. ఏది కావాలో వేలితో చూపించమన్నాడు. ఆయన ఆ అట్టను చూశారు, నన్ను చూశారు, ఎడమ చెయ్యి చాచి పక్కకు ఒక్క ఊపు ఊపారు. డాక్టరు నా మొహం చూశాడు.

"దూరంగా జరపమంటున్నారు బాబూ. అట్టనో, నిన్నో, అది మాత్రం తెలీదు" అన్నాను.

సర్వేయరుగా పనిచేసిన మనిషి. పరికరానికి కన్ను ఆనించి నిలబడి ఎంత అరిచినా, అర మైలు అవతల చారల కర్ర పట్టుకున్నవాడికి వినబడదు. అందుకే వాళ్లకు చెయ్యే నోరు. చెయ్యి చాచి నిదానంగా ఊపితే బాగా జరగాలి. గబగబా చిన్నగా ఆడిస్తే ఒక్క పిసరు. అరచెయ్యి ఎదురుగా పెడితే ఆగిపోవాలి. చెయ్యి తల మీదికెత్తి నిటారుగా కిందికి దించితే, సరిగ్గా ఉంది, అక్కడే పాతెయ్. పెళ్లయిన కొత్తలో నేను బోటనీ చెప్పే కాలేజీకి సెలవులిచ్చినప్పుడల్లా ఆ కర్ర నేనే పట్టేదాన్ని. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో కర్ర, నెత్తిన ఎండ. మహానుభావుడు సరసాలు కూడా ఆ సైగలతోనే ఆడాడు. అందరిముందూ ఆడినా ఎవరికీ అర్థంకాని సరసం అది.

ఇప్పుడు దిండు, ఫ్యాను, మంచినీళ్లు, విసుగు అన్నీ ఆ నాలుగు సైగల్లోనే ఇమిడిపోయాయి. కూతురికి సగం తెలుసు. అల్లుడికి బొత్తిగా తెలీదు గానీ తల మాత్రం ఊపుతాడు. పూర్తిగా చదవగలిగేది నేనొక్కదాన్నే. అంటే ఆయన నోరు నా కంట్లో ఉంది. అది కూడా కుడి కంట్లో. ఎడమది ఏనాడో రాజీనామా ఇచ్చింది.

ఫిబ్రవరి 9

మొక్క దగ్గరికి వెళ్లొచ్చాను. ఎలా ఉందో ఆయనకు చెప్పాను. విన్నారు.

మా ఇంటి వెనకతో వీధి అయిపోతుంది, వాగు మొదలవుతుంది. వాగంటే నీళ్లుంటాయనుకుంటారు తెలియనివాళ్లు. ఏడాదికో రెండేళ్లకో ఒక్క పూట ఎర్రటి బురద ఉరుముకుంటూ వస్తుంది, వచ్చినంత హడావిడిగానూ పోతుంది, మా ఆడపడుచు వచ్చి వెళ్లినట్టు. మిగతా కాలమంతా ఇసుక, గులకరాళ్లు, ఎండ. పైన చుక్క కనపడదు గానీ లోతున ఎక్కడో తడి ఉంటుంది. ఆ తడి జాడ తెలిసినది అక్కడ నా మొక్క ఒక్కటే.

జిల్లేడు కుటుంబమే. కానీ జిల్లేడనగానే గుర్తొచ్చే వెడల్పాటి ఆకులు దీనికి లేవు. వాన పడ్డాక దారప్పోగుల్లాంటి ఆకులు నాలుగు వేస్తుంది, ఎండ ముదిరితే వాటినీ రాల్చేస్తుంది. ఆకు ఉంటే నీళ్లు దండగ. ఆకు పని కాడే చేసుకుంటుంది. ఒక్క మొదలు నుంచి నా భుజాల ఎత్తున సన్నటి కడ్డీలు, బూడిదలో ఆకుపచ్చ కలిపినట్టు, ఒంటినిండా మైనం పూత. ఇసుక రంగులో ఇసుకై నిలబడుతుంది. దగ్గరికి వెళ్తే ఎవరో చీపురుకట్టను తలకిందులుగా పాతినట్టు ఉంటుంది.

ఆయన దాన్ని చీపురుకట్ట అనే అనేవారు. నేను అసలు పేరు చెప్పేదాన్ని, లాటిన్లో, రెండు ముక్కలూ కలిపి. ఆయన శ్రద్ధగా విని, "సరే, చీపురుకట్ట" అనేవారు.

ఈ ఊరికి మొదటి కొలతలు తీసినప్పుడు ఆయన గురి పెట్టుకున్న గుర్తు అదే. దిబ్బలు గాలికి జరిగిపోతాయి. రాళ్లు వరదకు దొర్లుతాయి. పాతిన గుంజల్ని మేకలు కాసేవాళ్లు పొయ్యిలోకి పీక్కుపోతారు. దానికి మాత్రం మేక మూతి పెట్టదు, పొయ్యి ఒప్పుకోదు. "ఎవరికీ పనికిరానిదైతేనే ఉన్నచోట ఉంటుంది" అనేవారు. అప్పుడాయన నా వైపు చూసి అనేవారని నా అనుమానం. ఇప్పుడు అడిగినా లాభం లేదు.

ఫిబ్రవరి 17

భోజనాల దగ్గర అల్లుడు నీళ్లు నమిలాడు. రోడ్డు పనిలో సూపర్‌వైజరు అతను. కొత్త రోడ్డు మా వీధి చివర నుంచి వాగు దాటి పోతుందట.

"అత్తయ్యగారూ, లైనులోకి మీ మొక్క వచ్చింది."

"మొక్క రాలేదు నాయనా. అది ముందు నుంచీ అక్కడే ఉంది. లైనే వచ్చింది."

"అదే లెండి. ఆఫీసులో గీశారు."

"మీ మామగారు గీసి ఉంటే పక్కనుంచి తిప్పేవారు."

"మామగారి కాలంలో ఇన్ని లారీలు లేవండీ."

కూతురు అతని కాలు తొక్కి ఉంటుంది, గ్లాసులో నీళ్లు కదిలాయి. చివరికి మాటిచ్చాడు. పూత అయి, కాయ పండి, గింజ ఎగిరేదాకా ఆ మొక్క జోలికి ఎవర్నీ రానివ్వడట. మాట తప్పితే ఏం చేస్తావన్నాను. "మీరేం చేస్తారో తెలుసు కాబట్టి తప్పను" అన్నాడు. పిల్లాడు మంచివాడే. మొహం మీద చెప్పకూడదు, అలవాటు పడతాడు.

ఆయనకు రోడ్డు సంగతి చెప్పలేదు. మంచం ముందు గదిలో ఉంది, కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనబడదు. ఆయన దృష్టిలో వాగు ఎలా ఉందో అలాగే ఉంది. ఉండనీ.

ఫిబ్రవరి 24

మొగ్గలు వచ్చాయి. చెప్తే చాలదనిపించి ఒక కాడ విరిచి తెచ్చి ఆయన ఎడమ చేతిలో పెట్టాను. చాలాసేపు వేళ్ల మధ్య తిప్పారు. తర్వాత చెయ్యి పైకెత్తి నిటారుగా దించారు. సరిగ్గా ఉంది.

విరిచినప్పుడు పాలు చిందాయి. ఎండ మండిపోతోంది, కనుబొమల మీద నుంచి చెమట. తుడుచుకున్నాను. ఏ చేత్తో తుడుచుకున్నానో గుర్తులేదు. కుడి కంట్లోంచి కాస్త నీరు కారింది.

క్లాసులో ప్రతి ఏడూ చెప్పేదాన్ని, ఈ పాలు కంటికి చెరుపని. పడితే మండాలి. మండలేదు. కాబట్టి పడలేదు. తర్కం అంటే ఇదే.

ఫిబ్రవరి 25

కళ్లజోడు తుడిచాను. మళ్లీ తుడిచాను. సబ్బుతో కడిగాను.

ఫిబ్రవరి 26

నొప్పి లేదు.

ఫిబ్రవరి 28

దీపం చుట్టూ రంగుల వలయం కనబడుతోంది. చూడ్డానికి బాగుంది.

ఇసుక గాలి మొదలైంది గదా, గాలిలో దుమ్ము ఉంటుంది. కూతురితో అన్నాను, ఇవాళ దుమ్ము ఎక్కువగా ఉందని. అది కిటికీలోంచి చూసి "ఎక్కడ?" అంది. ఈ కాలం పిల్లలకు దేన్నీ పరిశీలనగా చూసే ఓపిక లేదు.

మార్చి 3

పేపరు వాళ్లు సిరా మిగుల్చుకుంటున్నారు. అక్షరాలన్నీ అలికినట్టు. ఆయనకు రోజూ చదివి వినిపించాలి కాబట్టి పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షిక చదివి, కింద వార్త నేనే అల్లాను. మంత్రిగారు ఎవరో వంతెన ప్రారంభించబోయి దాని కిందే ఇరుక్కుపోయారని చెప్పాను. ఆయన గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వే. నవ్వే అయి ఉండాలి. ఇన్నాళ్లూ నిజం వార్తలు చదివితే ఒక్కసారీ నవ్వలేదు.

కన్ను బాగానే ఉంది.

మార్చి 5

ఇది రాయనక్కర్లేదు. అయినా రాస్తున్నాను.

జావ తాగిస్తున్నాను. చెంచా నోటికి అందించడం, మింగారా లేదా చూడటం, మళ్లీ చెంచా. ఆయన దగ్గారు. పొలమారిందనుకున్నాను. ఇంకో చెంచా పెట్టాను. కూతురు వంటింట్లోంచి పరుగున వచ్చి గిన్నె లాక్కుంది, ఆయన్ని ముందుకు వంచి వీపు చరిచింది. మొహం నీలంగా అయిందట. ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మా, నాన్న చెయ్యి అడ్డం పెడుతూనే ఉన్నాడు. ఆగమని. అక్కణ్ణుంచి నాకే కనబడింది. నీ ఎదురుగా పెడితే చూడలేదా?"

"చూశాను."

"చూసి?"

"గదిలో చీకటిగా ఉంది. బల్బు మార్చమని నెల నుంచి చెప్తున్నాను."

నెల నుంచి చెప్పలేదు. ఇవాళే చెప్పాను. అది బల్బు వైపు చూసి, నా వైపు చూసింది. దాని మౌనం కూడా నా దగ్గర నేర్చుకున్నదే.

అరచెయ్యి నా మొహానికి మూరెడు దూరంలో ఉందట.

ఇక నుంచి జావ కూతురే తాగిస్తుందట. దానికి ఓపికుంది, తాగించనీ.

మార్చి 8

తీసేశారు.

పొద్దున వెళ్తే లేదు. ఒడ్డు దిగి, గులకరాళ్ల గీత దాటి, రోజూ నిలబడే చోటే నిలబడ్డాను. ఇసుక. ఎటు చూసినా ఇసుక, దాని మీద తెల్లటి ఎండ. చీపురుకట్ట లేదు. యంత్రాల చక్రాల జాడలు కూడా కనబడలేదు, అంత శుభ్రంగా చదును చేశారు. మాటిచ్చిన పెద్దమనిషి నిన్న సాయంత్రం నా ఎదురుగా కూర్చుని కమ్మగా భోంచేశాడు.

ఆయన ఎదురుచూస్తుంటారు. వెనక్కి నడిచి వస్తూ నిర్ణయించుకున్నాను. గదిలోకి వెళ్లి మంచం పక్కన కూర్చుని, "పూసిందండీ" అన్నాను.

మార్చి 9

కోపం వస్తే నేను అల్లుణ్ణి 'మీరు' అంటాను. ఇవాళ పొద్దున "కాఫీ తీసుకోండి" అన్నాను. కప్పు పట్టుకుని కూతురి మొహం చూశాడు. "ఏం చేశాను?" అని వంటింట్లో గుసగుసగా అడగడం వినబడింది. "నాకేం తెలుసు, నువ్వే ఆలోచించుకో" అంది అది. ఆలోచించుకోనీ. ఇంట్లో గొడవ పెడితే ఆయన చెవిన పడుతుంది. లేకపోతే ఈపాటికి తేలిపోయేది.

మార్చి 11

పూలు లేత పసుపు అని చెప్పాను. కడ్డీల చివర గుత్తులుగా వచ్చాయని. ఒక్కో పువ్వులో ఐదు చిన్న గిన్నెలు నిలబెట్టినట్టు, వాటినిండా తేనె. రెక్కలు ఎర్రగా, ఒళ్లు నల్లగా ఉండే పెద్ద కందిరీగలు మూగుతున్నాయని. ఈ జాతి పువ్వు పుప్పొడిని పొడిగా చల్లదు. మూటలు కట్టి, సన్నటి చీలికలో దాచి, ఎవరి కాలు జారుతుందా అని కాచుకుంటుంది. కందిరీగ కాలు ఆ చీలికలో పడుతుంది. బలమున్నది కాలితో పాటు మూటనూ లాక్కుని ఎగిరిపోతుంది. లేనిది అక్కడే వేలాడి చచ్చిపోతుంది. ఇవాళ చచ్చినదాన్ని ఒకదాన్ని చూశానని చెప్పాను.

ఇవన్నీ ఎన్నో ఏళ్లు చూసినవే. చూసినవి చెప్తే అబద్ధం ఎలా అవుతుంది? తేదీ ఒక్కటే తప్పు.

ఆయన చెయ్యి కదిలింది. ఏమన్నారో స్పష్టంగా తెలియలేదు. "ఇంకా చెప్పనా?" అన్నాను. మళ్లీ కదిలింది. చెప్పాను.

మార్చి 14

గొంగళిపురుగులు వచ్చాయని చెప్పాను, నలుపు, పసుపు, తెలుపు చారలవి, ఆయన చారల కర్రకు బంధువులని. విషాన్ని తిని, ఒంట్లో దాచుకుని, పక్షుల నుంచి బతికిపోతాయని.

అరవై దాటాక మనుషులూ అంతే. దాచుకున్న విషంతోనే బతుకుతాం.

డైరీలో గీతలు సరిగ్గా వెయ్యలేదు, వాక్యం మీద వాక్యం ఎక్కుతోంది. ఆయన పాత చెక్క స్కేలు ఆనించి రాస్తున్నాను.

మార్చి 15

"అమ్మా, కంటి డాక్టరుకి చూపిద్దాం."

"ఎవర్ని?"

"నిన్ను."

"నా కంటికేం, బాగానే ఉంది. నొప్పా? మంటా? ఎరుపా?"

"పొద్దున నువ్వు నీ అల్లుణ్ణి చూసి 'ఎవరు కావాలండీ' అన్నావు."

"కోపంలో అన్నాను."

నిజంగా కోపంలోనే అన్నాను.

మార్చి 16

నొప్పి లేదు.

మార్చి 19

దాచడం నావల్ల కాలేదు. సాయంత్రం ఆయన కునుకులో ఉండగా, అల్లుడు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఎదురెళ్లి నిలబడ్డాను. మాట అంటే మీకు ఇసుకలో గీసిన గీతా అన్నాను. మంచాన పడ్డ మనిషికి మిగిలిన ఒక్క గుర్తునూ చదును చేయడానికి మీకు చేతులెలా వచ్చాయి అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయడానికి సిగ్గుగా ఉంది. కొన్ని మాటలు మాత్రం బాగా కుదిరాయి.

అతను మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అంతా అయ్యాక, "అత్తయ్యగారూ, ఒకసారి అక్కడికి వెళ్దాం రండి" అన్నాడు.

"దేనికి? ఖాళీ చూపించడానికా?"

"రండి."

ఇంకా వెలుగుంది. ఒడ్డు దిగేటప్పుడు చెయ్యి అందించాడు, విదిలించుకున్నాను. గులకరాళ్లు దాటి నేను నిలబడే చోట నిలబడ్డాను. చేతికర్ర ముందుకు చాచి, "ఇదిగో, ఇక్కడుండేది. చూడండి. మీ కళ్లతో చూడండి" అన్నాను.

అతను కర్ర వైపు వంగాడు.

"ఏం, నోట మాట రావడం లేదా?"

"అత్తయ్యగారూ" అన్నాడు. "మీ కర్ర దాని మీదే ఆనింది."

కర్ర కదిపాను. సన్నటి కడ్డీలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ముందు కూడా ఆ చప్పుడు వచ్చింది, ఎండు పుల్లలనుకున్నాను. చెయ్యి చాచాను. కాడలు, మైనం నునుపు, పైన పూలగుత్తి జిగురు. నా మొహానికి మూరెడు దూరంలో.

ఇసుక రంగులో ఉంటుంది కదా. సాయంత్రం వెలుగు. ఎవరికైనా

మార్చి 20

ఏమీ లేదు.

మార్చి 22

కంటి డాక్టరు చిన్నపిల్ల, మా కాలేజీలో చదివి ఉంటే వెనక బెంచీలో కూర్చునే రకం. కంటిలోకి దీపం వేసి చాలాసేపు చూసింది.

"ఎప్పుడు పడిందమ్మా పాలు?"

"ఫిబ్రవరిలో. పడలేదనుకున్నాను. మంట పుట్టలేదు."

"పుట్టదు. దాని మోసమే అది. కంటిని మొద్దుబార్చి లోపల పని కానిస్తుంది. కొందరికి మందులతో తగ్గిపోతుంది కూడా. వెంటనే కడుక్కుని వచ్చి ఉంటే..."

"ఉంటే అని రాసినవాళ్లకు నేను మార్కులు వేసేదాన్ని కాదు."

ఆ పిల్ల నవ్వలేదు. నల్లగుడ్డు మీది పొర నీరు పట్టి మబ్బైపోయిందట. చుక్కలు రాసిచ్చింది. వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది. అంతకన్నా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దంది. ఈ వయసులో, ఎడమ కన్ను కూడా లేనప్పుడు, ఆపరేషన్ మాట తర్వాత చూద్దామంది. తర్వాత అన్న మాట నాకు తెలుసు. సీటు లేని పిల్లలకు ప్రిన్సిపాలు చెప్పే మాట.

బడికెళ్లే పిల్లకి కూడా చెప్పగలిగిన పాఠం. బోర్డు మీద బొమ్మ గీసి, పాలు కారేచోట బాణం గుర్తు పెట్టి చెప్పిన పాఠం.

ఆదివారం అనుకుంటా

తేదీలు కూతుర్ని అడగడం మానేశాను. కూతురు అట్టముక్కలో గీత వెడల్పున కిటికీలు కోసిచ్చింది, వాటిలో రాస్తున్నాను. ఎలా పడుతోందో తెలీదు. నాకోసం రాసుకునేది నేనే చదవలేను. మంచిదే, విమర్శకుల బెడద లేదు.

అల్లుణ్ణి మళ్లీ 'నువ్వు' అన్నాను. క్షమించమని అడగడం నాకు రాదు, అందుకని ఒక పని అప్పగించాను. వెళ్లి మొక్కను చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. వచ్చి చెప్పాడు. కడ్డీల చివర లేత పసుపు పూలట. ఎర్ర రెక్కల కందిరీగలట. ఒకటి పువ్వుకు వేలాడుతూ చచ్చి ఉందట. అడుగున చారల పురుగులట.

నేను గదిలో కూర్చుని అల్లిన అబద్ధాలన్నీ అక్కడ ఆ మొక్క నిజం చేస్తూనే ఉంది. ఒక్కటి కూడా తప్పు పోలేదు. అన్నేళ్లు పాఠం చెప్పినందుకు దక్కిన ఫలితం ఇదేనేమో, చూడకుండా సరిగ్గా చెప్పడం.

తెలీదు

ఆయనకు చెప్పేశాను.

మంచం పక్కన కూర్చుని, కన్ను పోయిందండీ అన్నాను. ఒక్క ముక్కే. అన్నాక ఆయన చెయ్యి కదిలింది. గాలిలో ఏదో తెల్లగా ఇటూ అటూ ఆడింది. ఆయన ఏదో అంటున్నారు. చాలా అంటున్నారు. పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారీ అన్ని మాటలు అన్న మనిషి కాదు. నాకు ఒక్కటీ అందలేదు.

"కనబడటం లేదండీ" అన్నాను. చెయ్యి ఆగిపోయింది.

వీధిలో లారీ పోయింది. వంటింట్లో కూతురు ఏదో కింద పడేసి తనను తాను తిట్టుకుంది.

అప్పుడు ఆయన వేళ్లు వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాయి. అరచెయ్యి వెల్లకిలా తిప్పారు. దాని మీద చూపుడువేలు పెట్టి నిదానంగా ఒక పక్కకు గీశారు. జరుపు. తర్వాత గబగబా చిన్నగా ఆడించారు. ఒక్క పిసరు. నాకు అర్థమై కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఇంకొక్క పిసరు. లాక్కున్నాను. మోకాలు మంచం పట్టెకు తగిలింది. అప్పుడు అరచేతి నడిమధ్యన బొటనవేలు నిటారుగా ఆనించి కిందికి నొక్కారు.

అక్కడే పాతెయ్.

అలాగే కూర్చున్నాను. కూతురు వచ్చి "అమ్మా, ఏడుస్తున్నావా?" అంది. చుక్కలు వేసుకున్నాను అన్నాను.

బుధవారం

మంచం వెనక గదిలోకి మార్చారు. నేనే అడిగాను. అక్కడి కిటికీలోంచి వాగు కనబడుతుంది. "పక్క వీధి కుక్క తోక ఊపితే చెప్పగలిగే చూపు మామగారిది" అని అల్లుడు మెచ్చుకున్నాడు. ఉద్యోగమంతా దూరానికి గురిపెట్టిన కన్ను, చెక్కుచెదరలేదు. ఇప్పుడు మొక్క సంగతి నాకు ఆయన చెప్తారు. పొద్దున చెయ్యి చాస్తాను. బొటనవేలు నొక్కుతారు. ఉంది.

ఉద్యోగాలు మారాయి. జీతం మాత్రం ఇద్దరికీ లేదు.

తర్వాత ఒక రోజు

కాయలు పగిలాయట. కొమ్ముల్లా మొనదేలిన కాయలు నిలువునా విచ్చుకుని పట్టుకుచ్చు గింజలు గాలికి పోతున్నాయట. ఒకటి కిటికీలోంచి వచ్చి మంచం మీద పడితే ఆయన నా చేతిలో పెట్టారు. బరువే లేదు. చెయ్యి మూస్తే ఉందో లేదో తెలీదు, తెరిస్తే పోతుంది. చాలాసేపు మూసే ఉంచాను.

రాత్రి భోజనాల దగ్గర అల్లుడు తినడం లేదు. చెంచా చప్పుడు లేకపోతే తెలిసిపోతుంది.

"చెప్పు నాయనా."

"గింజ ఎగిరిందండీ."

"తెలుసు."

"ఆపగలిగినంత ఆపాను."

"నువ్వు మాట తప్పలేదు. అన్నం తిను."

ఆయనకు చెప్పాలా అన్నాడు. వాగులో రోడ్డు వస్తుందని ఆయనకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఎదురుగా కిటికీ ఉంది, ఎవరు చెప్పాలి?

శుక్రవారం

పొద్దున యంత్రం వచ్చింది. బ్లేడు గులకరాళ్ల మీద గీసుకుపోయే చప్పుడు, వెనక్కి వచ్చేటప్పుడు కూత, మళ్లీ గీత. కూతురు వచ్చి కిటికీ మూయబోయింది. ఆయన ఆగమని సైగ చేశారట. "తెరిచే ఉంచమంటున్నాడమ్మా" అంది. ఫర్వాలేదు, సగం కన్నా ఎక్కువే నేర్చుకుంది.

మధ్యాహ్నం చప్పుడు ఆగింది. గాలి ఇటు తిరిగింది. విరిగిన పచ్చి కాడల వాసన వచ్చింది, పాల వాసన. ఆ వాసనకు కన్నుతో పని లేదు.

"ఏమండీ, చీపురుకట్ట ఉందా?" అన్నాను. చెయ్యి చాచాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని అలా ఉంచారు. వేళ్లు చల్లగా ఉన్నాయి. కాసేపటికి బొటనవేలు అరచేతి నడుమకు వచ్చింది, నిటారుగా ఆనింది, కిందికి నొక్కింది. గట్టిగా. ఇంతకు ముందెన్నడూ నొక్కనంత గట్టిగా.

సర్వీసులో ఒక్క తప్పుడు సైగ చేయని మనిషి.

మొక్క బాగానే ఉంది.